గాన్లీల చెవి గుర్తు

మేచీ గాన్లీ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్ని కనలేదు. అయినా ఆమె ఇంట్లో జనానికి కొదవ లేదు. అందరూ చచ్చిపోయినవాళ్ళే. బ్యూనస్ ఐరిస్ అవతల గడ్డిమైదానాల్లోని సాల్తో ఊరి బళ్ళో ఏళ్ళ తరబడి భూగోళం చెప్పి రిటైరయ్యాక, ఆవిడ భోజనాల బల్ల మీద దుప్పటంత కాగితం పరిచి, గడులు గీసి, గాన్లీ వంశాన్నంతా అందులో కూర్చోబెట్టే పనిలో పడింది. ఎవరైనా గుక్కెడు మాతే టీ తాగుదామని పొరపాటున ఆ గుమ్మం తొక్కితే, మళ్ళీ బయటపడేసరికి పొద్దుగూకేది. చుట్టాలు ఆవిణ్ణి దూరం నుంచి చూసి సందు మళ్ళిపోయేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసినా మానలేదు.

వంశానికి మూలపురుషుడు మిగెల్ గాన్లీ. మేచీకి ముత్తాత. ఐర్లండులో వెస్ట్‌మీత్ అనే జిల్లాలో, కౌలు నేల మీద బంగాళాదుంపలు పండించుకునే ఇంట్లో పుట్టాడు. అక్కడ కడుపు నిండక ఓడెక్కి బ్యూనస్ ఐరిస్‌లో దిగాడు. ఎవరిదో మందను సగపాలుకు మేపి మేపి, చివరికి సొంత మందా, సొంత నేలా, సొంత చెవి గుర్తూ సంపాదించాడు. గొర్రెలవాడికి చెవి గుర్తు ముందు ఇంటిపేరు కూడా దిగదుడుపే. పుట్టిన ప్రతి గొర్రెపిల్ల చెవినీ యజమాని తన పద్ధతిలో కోస్తాడు. గాన్లీలది ఎడమ చెవి కొసన చీలిక. ఆ చీలిక ఉన్న గొర్రె ఎంత దూరం తప్పిపోయినా గాన్లీలదే. ఎంత దొంగైనా సరే, ఒకరు కోసిన గుర్తు మీద ఇంకొకడు కత్తెర పెట్టడు. అది ఆ మైదానంలో మాట.

ఈ మిగెల్ కోసం మేచీ ఐర్లండు దాకా వెళ్ళొచ్చింది. అక్కడి చర్చి పుస్తకాల్లో అతని జ్ఞానస్నానం దొరికింది, తండ్రి పేరు లారెన్స్ అని దొరికింది. ఆ పూట ఆవిడ చర్చి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. తిరిగొచ్చాక మాత్రం మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. ఐరిష్ ఇళ్ళలో పేర్లు తోచినట్టు పెట్టరు. మొదటి కొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండోవాడికి తల్లివైపు తాత పేరు. ఆ వరస ప్రకారం మిగెల్ పెద్దకొడుకు లారెన్స్ కావాలి. ఈ దేశంలో నోరు తిరిగేట్టు చెప్పాలంటే లొరెన్సో. కానీ గాన్లీల్లో ఏ తరంలోనూ లొరెన్సో లేడు. బాబాయిల్లో లేడు, పెదనాన్నల్లో లేడు, ఆఖరికి వాళ్ళ గుర్రాలక్కూడా ఎవరూ ఆ పేరు పెట్టలేదు.

వెతగ్గా వెతగ్గా దొరికాడు. గుర్రమెక్కి ఎస్టేట్లన్నీ తిరిగిన ఒక ఐరిష్ ఫాదర్ పుస్తకంలో, మిగెల్ మొదటి బిడ్డ లొరెన్సోకు జ్ఞానస్నానం జరిగినట్టు ఉంది. ఆ తర్వాత అతని ఊసు లేదు. పెళ్ళి లేదు, చావు లేదు. వెనకాలే ఇంకో సంగతి బయటపడింది. 1868 జనవరిలో మిగెల్ భార్యనూ, నలుగురు పిల్లల్నీ ఒకే రోజు పూడ్చిపెట్టారు. మేచీ దాని గురించి బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఇక్కడ జనవరంటే వేసవి, ఆ వేసవిలో కలరా ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చేసింది. ఈ దేశంలో వంశచరిత్ర తవ్వేవాళ్ళెవరికైనా ఆ నెల కనబడితే చాలు, కలరా అని రాసుకుని పేజీ తిప్పేస్తారు. మేచీ కూడా తిప్పేసింది. ఆ గుంపులోనే లొరెన్సో కూడా పోయుంటాడు, అలసిపోయిన ఫాదర్ ఒక పేరు రాయడం మరిచిపోయుంటాడు అనుకుంది. ఖాళీ గడిలో తన గుండ్రటి అక్షరాలతో ఆ పేరు నింపింది. ఇన్నేళ్ళూ ఎవరూ తలుచుకోని బిడ్డ, పాపం అనుకుంది.

ఆ జాలే కొంప ముంచింది.

పోయిన తమ్ముడి కొడుకు మార్తిన్‌కు అప్పుడే మగపిల్లాడు పుట్టాడు. మిగెల్ నాటి పాత ఎస్టేట్ చూసుకునేది మార్తినే. మేచీ వాణ్ణి పట్టుకుంది.

"మనింట్లో తప్పిపోయిన పేరురా. నువ్వే మళ్ళీ నిలబెట్టాలి."

"నిలబెడితే ఏడాది పాటు మా ఇంట్లో ఆ కాగితం ఊసెత్తనని ఒట్టేస్తావా అత్తా?" అన్నాడు మార్తిన్.

"ఆర్నెల్లు."

"ఏడాది."

"సరే పోరా, ఏడాది."

వాడి భార్య పావులా ఇటలీవాళ్ళ పిల్ల. ఐరిష్ వాళ్ళ పేర్ల వరసలు ఆమెకు పట్టవు. పేరు నోరారా పిలవడానికి బాగుందని ఒప్పేసుకుంది.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున చర్చిలో జ్ఞానస్నానం అయింది. మధ్యాహ్నం భోజనాలు ఎస్టేట్‌లో. ముందురోజే గొర్రెల ఉన్ని కత్తిరించడం పూర్తయింది కాబట్టి, ఇంట్లో పట్టని జనానికి ఉన్ని కొట్టంలో బల్లలు వేశారు. రేకుల కప్పు, మట్టి నేల, పొడవాటి కొట్టం. ఒక చివర కత్తిరించిన ఉన్ని నడుమెత్తు గుట్టగా పడి ఉంది. దాని పక్కన ఉన్నిని సంచుల్లోకి కుక్కి నొక్కే పాత చెక్కపెట్టె. గోడకు వరసగా మేకులు, ప్రతి మేకుకూ ఒక కత్తెర. బయట రామోన్ అనే పనివాడు నిప్పుల చుట్టూ ఇనప కమ్మీలు నాటి గొర్రెమాంసం కాలుస్తున్నాడు. గోడ మీద మేచీ తన వంశవృక్షాన్ని మేకులు కొట్టి మరీ తగిలించింది. పిల్లాణ్ణి బుట్టలో పడుకోబెట్టి, మెత్తగా ఉంటుందని ఆ ఉన్ని గుట్ట మీద పెట్టారు. ఉన్ని జిడ్డు వాసన మధ్య వాడు హాయిగా నిద్రపోయాడు.

వైన్ పోసుకుని అందరూ గ్లాసులెత్తారు. "లొరెన్సో" అన్నాడు మార్తిన్. "లొరెన్సో" అన్నారు అందరూ, రేకులు మోగేటట్టు. ఇంకోసారి అనమంది మేచీ. ఇంకోసారి అన్నారు.

అప్పుడే కన్యాస్త్రీల ఆశ్రమం నుంచి కారులో బ్రీజిదా దిగింది. మేచీకి మేనత్త, తొంభైకి దగ్గర పడ్డ మనిషి. వంశంలో ముందు తరంవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. కర్ర పొడుచుకుంటూ కొట్టం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"లోపలికి రా అత్తా, నీకు కుర్చీ వేశాను" అంది మేచీ.

"ఆ కొట్టంలోకి నేను పుట్టి బుద్ధెరిగి రాలేదు, ఇప్పుడూ రాను. వంటింట్లో పెట్టు నాకు."

ముసలివాళ్ళ చాదస్తం అనుకుని మేచీ ఒక పళ్ళెంలో మెత్తటి మాంసం ముక్కలు ఏరి, ఇంటి వంటగదికి తీసుకెళ్ళి అత్త ముందు పెట్టింది. తను కూడా ఎదురుగా కూర్చుంది. నిజానికి ఆవిడ ఈ ఘడియ కోసమే కాచుకుని ఉంది.

"పిల్లాడికి ఏం పేరు పెట్టారే?"

"నువ్వే చెప్పుకో అత్తా. మీ తాతగారి పెద్దకొడుకు పేరు."

ముసలావిడ నమలడం ఆపేసింది.

"ఎవరిది?"

"లొరెన్సో."

బ్రీజిదా నోట్లో ముక్కను పళ్ళెంలోకి ఉమ్మేసింది. 

"ఎవరు చెప్పారు నీకా పేరు?"

"ఎవరూ చెప్పలా. నేనే కనిపెట్టా."

"నువ్వు కనిపెట్టలేదని ఎవరేడ్చారే నీ మొహానికి."

మేచీకి రోషం వచ్చింది. "నిన్ను ఎన్నిసార్లు అడిగాను, ఒక్కసారన్నా చెప్పావా? ఆ రోజు అందరూ ఎలా పోయారత్తా అంటే, కలరా అన్నావు."

"కలరా అనే చెప్పమన్నాడు మా నాన్న. ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడు. నువ్వేమన్నా ఆ పేరు పలికి అడిగావా? పలికుంటే అప్పుడే నీ నోరు మూసేదాన్ని. ఆ తలుపు వెయ్యి."

మేచీ తలుపు వేసింది. బయట గాలి పూర్తిగా పడిపోయింది. నిప్పుల దగ్గర కుక్క ఒకటే మొరుగుతోంది. బ్రీజిదా కర్ర మీద రెండు చేతులూ పెట్టి, గోడవైపు చూస్తూ చెప్పింది.

"పద్దెనిమిదేళ్ళు వాడికి. మందలో నా వాటా నాకియ్యి, నా చెవి గుర్తు నాకియ్యి, కుడి చెవి అంచున మూడు కోతలు పెట్టుకుంటాను అని తండ్రిని అడిగాడు. ఎదిగిన కొడుక్కి ఇవ్వాల్సిందే, అందరిళ్ళలో ఇచ్చేదే. మా తాత ఇవ్వలా. ఉన్ని కత్తిరించే వాళ్ళందరి ముందూ నవ్వాడంట. నువ్వు కూడా నా మందలోవాడివేరా, నీ చెవి పట్రా కోస్తాను అన్నాడంట. ఆ మాట అని ఉన్ని బళ్ళతో పట్నం పోయాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. వీడు కత్తెర తీసుకున్నాడు. ముందు తల్లిని. గొర్రెను పడేసినట్టు పడేసి, మోకాలు మెడ మీద పెట్టి నొక్కి, ముందు చెవి కోశాడు. గుర్తు పెట్టాడన్నమాట. ఆ తర్వాత గొంతు. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే మంచాల మీంచి ఈడ్చుకొచ్చి అదే పని. కేకలు పెడుతుంటే నోట్లో ఉన్ని కుక్కాడు."

మేచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా నాన్న సంతియాగో అందరికంటే చిన్నోడు, ఆరేళ్ళు. వెళ్ళి ఉన్ని గుట్టలో దూరాడు. అంతకు కొన్నాళ్ళ ముందు, గొర్రెపిల్లల చెవులు కోస్తుంటే వాటి మధ్య దొర్లి ఆడుతూ, తండ్రి చేతిలో కత్తికి అడ్డం పడ్డాడంట. ఎడమ చెవి కొస చీలిపోయింది. అన్న చీకట్లో ఉన్నిలో చెయ్యి పెట్టి దేవుకుంటూ వచ్చి, మా నాన్న తల దొరకబుచ్చుకున్నాడు. చెవి తడిమాడు. ఆ చీలికలో వేలు పెట్టి చూశాడు. ఇది ఆయనది అని గొణిగి, వదిలేసి పోయాడు. ఇంకొకడి గుర్తు మీద కత్తెర పెట్టడు కదా. వెధవకి ఆ ఒక్క మర్యాద మిగిలింది."

"మరి వాణ్ణేం చేశారు?"

"తిరిగొచ్చిన తండ్రి ఏం చేస్తాడు? చుట్టుపక్కల మనవాళ్ళని పిలిచాడు. కాళ్ళూ చేతులూ కట్టి, నోట్లో ఉన్ని కుక్కి, ఉన్ని సంచిలో వేసి కుట్టేశారు. బతికుండగానే. నొక్కే పెట్టెలో పడేసి మర తిప్పారు. ఎముకలు విరుగుతుంటే మా తాత లెక్కపెడుతున్నట్టు నిలబడి విన్నాడంట. ఆ సంచిని ఆ కొట్టం నేల కిందే పాతారు. కలరా రోజులు, సున్నం చల్లి మూసేసిన శవపెట్టెలు ఎవడు తెరిచి చూస్తాడు? ఆ తర్వాత మా తాత ఒకటే మాట చెప్పాడు. వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవద్దు. పిలవకపోతే వాడికి లేచే దారి లేదు అని."

 కిటికీలో వెలుతురు గోధుమరంగులోకి మారింది.

"ఇవాళ ఆ కొట్టంలో ఎంతమంది పిలిచారే వాణ్ణి?" అంది బ్రీజిదా.

 గ్లాసులెత్తిన చేతులన్నీ మేచీ కళ్ళ ముందు కదిలాయి. ఇంకోసారి అనమన్నది తనే.

"పిల్లాడెక్కడ?"

"కొట్టంలోనే... ఉన్ని మీద పడుకున్నాడు."

"ఇంకా కూర్చున్నావేం మరి? లే."

మేచీ తలుపు తీసేసరికి పంపెరో అనే తుఫానుగాలి విరుచుకుపడింది. దక్షిణం నుంచి నేలకూ ఆకాశానికీ మధ్య మట్టిగోడ ఒకటి దొర్లుకుంటూ వస్తోంది. చూస్తూండగానే పట్టపగలు మసకబారి, చీకటైపోయింది. చుట్టాలంతా పళ్ళేలూ సీసాలూ ఎత్తుకుని, తలల మీద చేతులు పెట్టుకుని ఇంటివైపు పరుగెత్తుకొస్తున్నారు. నవ్వుతున్నారు కూడా. మేచీ వాళ్ళకు ఎదురు పరుగెత్తింది.

"పిల్లాడేడీ? ఎవరు తెచ్చారు?"

"మార్తిన్ తెస్తున్నాడులే. పావులా కూడా వెళ్ళింది" అన్నారెవరో.

నిప్పుల దగ్గర కుక్క మొరగడం మానేసింది. మేచీ దాన్ని దాటబోయి కాలు జారింది. అది పక్కకి పడి ఉంది. మెడ కింద తెరుచుకున్న చోట ఇంకా బుడగలు వస్తున్నాయి.

ఆవిడ కొట్టంలోకి అడుగు పెట్టింది. వెనక గాలికి పెద్ద తలుపు కొట్టుకుని మూసుకుపోయింది. లైట్లు లేవు. పైన రేకుల మీద ఇసుకా గులకరాళ్ళూ కొడుతున్న మోత. లోపల ఉన్ని జిడ్డు వాసన. ఆ వాసన కింద ఇంకోటి... పచ్చి నెత్తురుది. మేచీ గోడ పట్టుకుని నడిచింది. వేళ్ళకు మేకులు తగిలాయి. ఒక కత్తెర, ఇంకో కత్తెర. ఒక మేకు ఖాళీగా ఉంది.

ఎక్కడో చీకట్లో, కత్తెర పిడిని నొక్కి వదులుతున్నట్టు, చిక్... చిక్... చిక్.

"లొరెన్సో" అని పిలిచింది పావులా. గొంతు కొట్టం మధ్య నుంచి వచ్చింది. "మార్తిన్, ఎక్కడున్నావు? బుట్ట ఖాళీగా ఉంది. లొరెన్సో..."

మేచీ అటు తిరిగి అరిచింది. "పావులా, పిలవకు. ఆ పేరు పెట్టి పిలవకు."

"ఏం మాటలవి? నా బిడ్డ కనబడటం లేదు. లొరెన్సో... లొరెన్సో..."

"ఊఁ."

ఎవరో పలికారు. మగగొంతు. నోట్లో ఏదో కుక్కుకుని పలికినట్టుంది. నేల దగ్గర్నుంచి వచ్చింది.

"మార్తిన్, నువ్వేనా?" అంది పావులా.

మార్తిన్ కాదు. మార్తిన్ ఇటుపక్క, మేచీ కాళ్ళ దగ్గరే ఉన్నాడు. ఆవిడ చీలమండను ఒక తడి చెయ్యి పట్టుకుంది.

"అత్తా... పొడిచేశాడు... ఎవడో... నా చెవి..."

మేచీ వంగింది. వాడి చొక్కా ముందంతా వెచ్చగా, జిగటగా ఉంది. పొట్ట మీద రెండు చేతులూ అదిమి పట్టుకున్నాడు. తల పక్కన చెవి ఉండాల్సిన చోట చిరుగు తగిలింది. చిన్నప్పుడు ఆ తలకు నూనె రాసి దువ్వింది తనే. ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసింది.

"పిల్లాడెక్కడరా?"

"పెట్టె... పెట్టెలో దాచా..."

అటు పావులా కేక వేసింది. ఒక్కటే కేక. తర్వాత ఏదో బరువైనది నేలకు కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత ఈడుపు... ఆగింది. మళ్ళీ ఈడుపు. అది పెట్టెవైపే వస్తోంది.

మేచీ గోడ నుంచి ఒక కత్తెర ఊడబీకింది. దేనికని తనకే తెలియదు. చేతులు ముందుకు చాచి ఉన్ని గుట్టలో పడి, పాక్కుంటూ పెట్టెను పట్టుకుంది. లోపల, ఉన్ని మధ్య, చిన్న ఊపిరి. పిల్లాడు మెలకువగా ఉన్నాడు. ఏడవలేదు. ఆవిడ వాణ్ణి తీసి ఒళ్ళో పెట్టుకుని, పెట్టెకు వీపు ఆనించి కూర్చుంది.

చిక్... చిక్...

ఆగిపోయింది.

ఎదురుగా ఎవరో మోకాళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఊపిరి లేదు. మట్టి వాసన, తడిసిన గోనె వాసన. ఒక చెయ్యి ఆవిడ మొహం మీదికొచ్చింది. వేళ్ళు అన్నీ తప్పు దిక్కులకు విరిగి ఉన్నాయి. ఆ వేళ్ళే మెల్లగా, ఓపిగ్గా, మందలో గొర్రెను తడిమినట్టు నుదురూ బుగ్గా తడిమి కిందికి దిగాయి. పిల్లాడి తల దగ్గర ఆగాయి.

"ఎవరిది... ఇది?"

మేచీ పిల్లాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది. "మి... మిగెల్ గాన్లీది."

వేళ్ళు పిల్లాడి చెవి దగ్గరకు పోయాయి. లేత చెవి. నున్నగా, ఎక్కడా గీత లేకుండా.

"గుర్తేదీ?"

ఆవిడకు అర్థమైంది. ఏం చెయ్యాలో కూడా అప్పుడే అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేదనిపించింది. ఆ చీకట్లో ఆ బిడ్డను ప్రేమించినంతగా ఆవిడ జీవితంలో ఎన్నడూ ఎవరినీ ప్రేమించలేదు, తనను తాను అంతగా అసహ్యించుకోలేదు.

"ఉంది" అంది. "ఉండు... చూపిస్తా."

పిల్లాడి తలను గుండెకు అదుముకుంది. ఎడమ చెవి కొసను రెండు వేళ్ళతో పట్టుకుంది. కత్తెర మొన ఆనించింది. చెయ్యి వణికితే చెవి మొత్తం పోతుంది. ఊపిరి బిగబట్టింది.

కోసింది.

పిల్లాడు ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండి, తర్వాత గుక్కపట్టి అరిచాడు. వెచ్చటి నెత్తురు ఆవిడ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. విరిగిన వేళ్ళు వచ్చాయి. చీలిక వెతికాయి. అందులో ఒక వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాయి. పిల్లాడు ఒళ్ళంతా విరుచుకుని ఏడుస్తున్నాడు. ఆ చెయ్యి మాత్రం తీరుబడిగా వాడి తలంతా తడిమింది... చాలాసేపు.

"ఇది ఆయనది."

చెయ్యి పిల్లాణ్ణి వదిలింది. మేచీ ఊపిరి వదలబోయింది. అదే చెయ్యి మళ్ళీ తన జుట్టులోకి దూరింది. తన చెవి తడిమింది.

"నీదేదీ?"

 ఆవిడ చెవికి ఏ గుర్తూ లేదు. మోకాలు ఒకటి వచ్చి మెడ మీద నొక్కింది. చల్లటి ఇనుము చెవి మొదట ఆనింది. పిల్లాడు పక్కకు దొర్లకుండా రెండు చేతులూ చుట్టేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, కోత అయ్యేదాకా పళ్ళు కరుచుకుని ఉంది. కోత తొందరగా అవలేదు.

గొంతు మీదికి ఇనుము దిగుతుండగా, పెద్ద తలుపు ఫెళ్ళున తెరుచుకుంది. రామోన్ ట్రాక్టరుతో తలుపును గుద్దేశాడు. దాని దీపాలు కొట్టం మొత్తం మీద పడ్డాయి. వెనక చుట్టాలంతా గుమికూడి ఉన్నారు.

వాళ్ళకు కనపడింది ఇది. మార్తిన్ పొట్ట పట్టుకుని నెత్తుటి మడుగులో ఉన్నాడు. పావులా తల పగిలి బోర్లా పడి ఉంది. ఉన్ని గుట్టలో మేచీ అత్త, ఒక పక్క చెవి లేకుండా, ఏడుస్తున్న పసివాణ్ణి పట్టుకుని, రెండో చేతిలో కత్తెరతో కూర్చుని ఉంది. ఇంకెవరూ లేరు. పెట్టె పక్కన మట్టినేల ఎక్కడా పగిలి కూడా లేదు.

"నేను కాదు" అని ఆవిడ అనలేదు. పిల్లాడి చెవి కోసింది నిజంగానే తను కదా.

ఊరి ఆసుపత్రిలో మార్తిన్‌కు ఆపరేషన్ జరుగుతోంది. బతుకుతాడో లేదో ఎవరూ చెప్పడం లేదు. మేచీ తలకు కట్టు కట్టి, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక చేతికి బేడీ వేసి, పక్కన పోలీసును కాపలా పెట్టారు. చుట్టాల్లో ఒక్కరు కూడా ఆవిడవైపు చూడలేదు. చచ్చినవాళ్ళతో కాపరం చేసి చేసి పిచ్చెక్కిందని, ఆవిడకు వినపడేట్టే అనుకున్నారు. బ్రీజిదా ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది. మేచీ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"పిల్లాడు దక్కాడత్తా" అంది మేచీ.

"ఊఁ. దక్కాడు."

అది ఒక్కటే చాలనిపించింది మేచీకి. జైలుకి పంపనీ, పిచ్చాసుపత్రిలో పెట్టనీ. మార్తిన్ మళ్ళీ తనను అత్తా అని పిలవకపోనీ. ఆ చెవి ఉన్నన్నాళ్ళూ వాణ్ణి ఎవరూ ముట్టుకోరు. పెద్దయ్యాక జుట్టు కాస్త పొడుగ్గా పెంచుకుంటాడు, అంతే.

ఎదురుగదిలో పావులా తలకు కట్టుతో, పిల్లాణ్ణి పడుకోబెట్టిన బల్లను పట్టుకుని నిలబడి ఉంది. తలుపు తీసే ఉంది. డాక్టరమ్మది చిన్న వయసు, నెమ్మదిగా మాట్లాడుతోంది.

"భయం లేదమ్మా. ఎడమ చెవికి కుట్లు వేశాను, మానిపోతుంది. ఇంకొకటి అడగాలి మిమ్మల్ని. కుడి చెవి సంగతేంటి?"

"కుడి చెవికేమైంది?" అంది పావులా.

"అదే, ఎప్పుడు జరిగింది అని."

"దానికేం కాలేదు. ఇవాళ పొద్దున నేనే స్నానం చేయించాను. చర్చికి తీసుకెళ్ళేముందు చెవులు రెండూ తుడిచాను."

డాక్టరమ్మ పిల్లాడి తలను దీపం వైపు తిప్పింది. బేడీ గుంజుకునేదాకా ముందుకు వంగింది మేచీ. కుడి చెవి అంచున మూడు కోతలు ఉన్నాయి. పక్కపక్కనే, ఒకే లోతులో, చేయి తిరిగినవాడు కోసినట్టు. నెత్తురు లేదు, వాపు లేదు. అంచులు తెల్లగా గట్టిపడి, ముదిరిపోయి ఉన్నాయి.

"ఇవి ఇవాళ్టివి కావమ్మా" అంది డాక్టరమ్మ. "పుట్టినప్పటివి కూడా కావు. మచ్చ ఇంత ముదరాలంటే చాలా ఏళ్ళు పడుతుంది."

"వాడికి మూడో నెల, డాక్టర్" అంది పావులా.